బోటు నడుస్తుండగా ఇంజన్ మీటర్లు ఎలా చూడాలి

కారు ఇంజన్ వేడెక్కితే రోడ్డు పక్కన ఆపి బానెట్ ఎత్తుతాం. బోటుకు ఆ వీలు లేదు. విశాఖ హార్బర్ ముఖద్వారంలో ఇంజన్ ఆగిపోయిందంటే ఒక పక్క బ్రేక్‌వాటర్ రాళ్ళు, ఇంకో పక్క వచ్చే పోయే ఓడలు. అంత పెద్ద ఓడ మన కోసం ఆగలేదు, తప్పుకోనూ లేదు. కాబట్టి ఇంజన్ ఆగబోతోందన్న సంగతి అది ఆగకముందే మనకు తెలియాలి. ఆ కబురు ముందుగా చెప్పేవి డాష్‌బోర్డు మీదున్న నాలుగైదు మీటర్లే.

ఫిషింగ్ హార్బర్ నుంచి రుషికొండ, భీమిలి దాకా చిన్న డీజిల్ బోటు నడుపుతూ నేను నేర్చుకున్నది ఒక్కటే. ముల్లు ఏ అంకె మీద ఉందో చూస్తే సగమే చూసినట్టు. నిన్న ఇదే రేసులో, అంటే ఇంజన్‌కు ఇంతే యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు ఎక్కడుంది, ఇవాళ ఎక్కడుంది, దాని పక్క మీటర్ ఏమంటోంది? ఈ మూడూ కలిపి చూడాలి. కింద చెప్పేదంతా ఎక్కువగా లోపల బిగించిన డీజిల్ ఇంజన్‌కు వర్తిస్తుంది. ఔట్‌బోర్డ్ (బోటు వెనక బయట తగిలించే ఇంజన్) వాళ్ళకు తేడా ఉన్నచోట విడిగా చెప్తాను.

ముందు మీ ఇంజన్ మామూలు లెక్క రాసుకోండి

గాలి లేని ఒక పొద్దున్న బయల్దేరండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కడానికి 20 నిమిషాలు ఇవ్వండి. తర్వాత ఐడిల్‌లో, 1200 ఆర్పీఎంలో, మీరు మామూలుగా నడిపే రేసులో, చివరగా ఒక్క నిమిషం ఫుల్ రేసులో, ఒక్కోచోట ముళ్ళు ఎక్కడ నిలబడ్డాయో నోటుబుక్‌లో రాయండి. ఫోన్‌తో డాష్‌బోర్డు ఫొటో తీసి పెట్టుకున్నా మంచిదే.

ఇంటికొచ్చాక మర్చిపోయే పని కాబట్టి బోటులోనే ఇంకొకటి చేయండి. మామూలు రేసులో ప్రతి ముల్లూ నిలబడే చోట అద్దం మీద చిన్న చుక్క పెట్టండి. నేను గోళ్ళ రంగు వాడాను, ఉప్పుగాలికి కూడా రెండేళ్ళు చెక్కుచెదరలేదు. అప్పటి నుంచి అంకెలు చదవాల్సిన పనిలేదు. ముల్లు చుక్క మీద ఉందా, పక్కకు జరిగిందా అన్నది అర సెకనులో తెలిసిపోతుంది.

మీ ఇంజన్ మాన్యువల్‌లో ఉన్న అంకెలే మీకు ప్రమాణం. అది దొరకనివాళ్ళకు ఒక అంచనా చెప్తాను. లోపల కూలెంట్ తిరుగుతూ, ఆ వేడిని సముద్రపు నీటికి వదిలే హీట్ ఎక్స్‌ఛేంజర్‌తో చల్లబడే డీజిల్ ఇంజన్ సాధారణంగా 75 నుంచి 90 డిగ్రీల మధ్య నడుస్తుంది. సముద్రపు నీరు నేరుగా ఇంజన్‌లో తిరిగే రకమైతే 60, 65 డిగ్రీల దగ్గరే ఉంచుతారు, ఎందుకంటే అంతకు మించి వేడెక్కితే లోపల ఉప్పు పేరుకుంటుంది. ఆయిల్ ప్రెషర్ నడిచే రేసులో 40 నుంచి 60 పీఎస్ఐ, వేడి ఇంజన్ ఐడిల్‌లో 10, 20 పీఎస్ఐ దాకా దిగవచ్చు. మీ మీటర్ బార్‌లలో ఉంటే ఒక బార్ అంటే 14.5 పీఎస్ఐ. 12 వోల్టుల బ్యాటరీ అయితే ఇంజన్ నడుస్తున్నప్పుడు వోల్ట్ మీటర్ 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి.

తాళం తిప్పగానే

స్టార్ట్ చేయకుండా తాళం ఒక మెట్టు తిప్పి ఆగండి. ఆయిల్ లైటు, ఛార్జింగ్ లైటు వెలగాలి, బజర్ మోగాలి. ఈ బజర్ శబ్దం చెవులకు చిరాకని వైరు పీకేసిన బోట్లు చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఇక్కడ మోగని బజర్ సముద్రంలోనూ మోగదు.

ఇంజన్ అందుకున్నాక కొన్ని సెకన్లలోనే ఆయిల్ ముల్లు లేవాలి. లేవకపోతే వెంటనే ఆపేయండి. వెనక్కి వెళ్ళి సైలెన్సర్ గొట్టం చూడండి. పొగతో పాటు నీళ్ళు చిమ్ముతూ పడాలి. ఔట్‌బోర్డ్ అయితే పక్కనుంచి సన్నటి నీటిధార రావాలి. జాలరిపేటలోలాగ ఇసుక మీంచి బోటు దించేవాళ్ళు, రుషికొండ ఒడ్డున లోతు తక్కువ నీళ్ళలో ఇంజన్ స్టార్ట్ చేసేవాళ్ళు ఈ ధారను మరీ జాగ్రత్తగా చూడాలి. ఇసుక లోపలికి పోతే ఆ చిన్న రంధ్రం మూసుకుపోతుంది. సన్నటి తీగతో పొడిస్తే చాలాసార్లు తెరుచుకుంటుంది. అప్పటికీ ధార రాకపోతే అసలు పంపే నీళ్ళు తోడట్లేదని అర్థం, సముద్రంలోకి వెళ్ళకండి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం. ఆ రెండు నెలలూ కదలకుండా ఉన్న బోటులో సముద్రపు నీటిని తోడే పంపు లోపలి రబ్బరు ఇంపెల్లర్ ఎండిపోతుంది, రెక్కలు ఒకవైపు వంగి అలాగే బిగుసుకుపోతాయి. వేట మొదలైన మొదటి రోజే అందరూ ఒకేసారి బయల్దేరుతారు, మీటర్లు చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఆ రోజే ఎక్కువ చూడాల్సిన రోజు. బయల్దేరేముందే కొత్త ఇంపెల్లర్ వేసి, పాతదాన్ని స్పేర్‌గా ఉంచుకోవడం ఇంకా నయం.

జెట్టీ వదిలాక పది నిమిషాలు

అవుటర్ హార్బర్ దాటేదాకా రేసు పెంచకండి. చల్లటి ఇంజన్‌లో ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి ప్రెషర్ ముల్లు ఎక్కువ చూపిస్తుంది. వేడెక్కేకొద్దీ దిగుతుంది. కొత్తగా నడిపేవాళ్ళు ఇది చూసి టెన్షన్ పడతారు, కానీ అది సహజమే. కుడివైపు డాల్ఫిన్ నోస్ కొండ వెనక్కి జరిగేసరికి వేడి ముల్లు తన చుక్క దగ్గరికి వచ్చి ఆగాలి. ఆగకుండా చుక్క దాటి మెల్లగా పోతూనే ఉందంటే, హార్బర్ ఇంకా వెనకే ఉంది కాబట్టి తిరిగి వెళ్ళిపోవడం సులువు. అరగంట పోయాక అంత సులువు కాదు.

చూపు తిప్పే పద్ధతి

మీటర్లు చూడమన్నాను కదా అని వాటినే చూస్తూ కూర్చోకండి. మన తీరంలో వలల బుడ్లు, తేలే తాళ్ళు, తెప్పలు ఎక్కడైనా ఎదురవుతాయి. నా అలవాటు ఇది: ముందుకు, ఎడమకు, కుడికి, వెనక్కి సముద్రం చూడటం, తర్వాత ఒక్క చూపు మీటర్ల మీదకు, మళ్ళీ సముద్రం. మీటర్ల మీదకు రెండు మూడు నిమిషాలకు ఒక చూపు పడితే సరిపోతుంది. రేసు మార్చిన ప్రతిసారీ, పెద్ద అల కొట్టిన ప్రతిసారీ, కింద ఏదో తగిలినట్టు అనిపించినా అదనంగా ఒక చూపు వేయండి. చీకటి పడ్డాక డాష్‌బోర్డు లైటు బాగా తగ్గించండి, లేకపోతే బయటి చీకట్లో కళ్ళకు ఏమీ కనిపించదు.

బోటులో ఇంకొకరు ఉంటే వాళ్ళకు నోటుబుక్ ఇచ్చి పావుగంటకు ఒకసారి అంకెలు రాయమనండి. మా అక్క కూతురు ఎనిమిదో తరగతి నుంచే ఈ పని చేస్తోంది. "మావయ్యా, 80 నుంచి 83 అయింది" అని నాకంటే ముందు చెప్పిన రోజులున్నాయి. ఒక వరుస ఇలా ఉంటుంది: 7:10, 1800 ఆర్పీఎం, 80 డిగ్రీలు, 3.8 బార్, 14.1 వోల్టులు. ఇంతకన్నా పెద్ద లెక్క అక్కర్లేదు.

వేడి మీటర్

అన్నిటికంటే ఎక్కువ కథలు చెప్పేది ఇదే. ముల్లు ఎలా లేచిందన్నది జాగ్రత్తగా చూడండి.

మెల్లగా, రేసు పెంచితే పెరిగి, తగ్గిస్తే దిగుతోందంటే నీటి దారి కొంత మూసుకుంది. స్ట్రెయినర్‌లో (సముద్రపు నీటిని వడకట్టే జల్లెడలో) చెత్త, హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో పేరుకున్న ఉప్పు, అరిగిన ఇంపెల్లర్, వీటిలో ఏదో ఒకటి. జనవరిలో బాగానే నడిచిన ఇంజన్ మే నెలలో ఇలా చేస్తుంది. వేసవిలో మన దగ్గర సముద్రపు పైనీరే 29, 30 డిగ్రీలకు చేరుతుంది. చలికాలం నీళ్ళతో నెట్టుకొచ్చిన పాత లోపం అప్పుడు బయటపడుతుంది. తప్పు ఎండది కాదు, వేసవికి ముందే శుభ్రం చేయించాల్సింది.

రెండు మూడు నిమిషాల్లో గబగబా లేచిందంటే నీళ్ళు పూర్తిగా ఆగిపోయాయి. వానలు పడ్డాక గెడ్డల (వాగుల) నీళ్ళతో వచ్చిన ప్లాస్టిక్ సంచులు హార్బర్‌లోనూ ఒడ్డు వెంబడీ తేలుతుంటాయి. ఒక్క సంచి నీళ్ళు పీల్చే రంధ్రానికి అతుక్కుంటే చాలు. ఇంజన్ ఆపితే పీల్చే బలం పోయి అది తనంతట తానే ఊడిపోవడం కద్దు.

ఒక్క సెకనులో ముల్లు చివరికి కొట్టుకుందంటే అది వేడి కాకపోవచ్చు. నీళ్ళు ఒక్క సెకనులో కాగవు కదా. సెన్సర్ వైరు ఎక్కడో లోహానికి తగిలి ఉంటుంది. అయినా రేసు తగ్గించి, సైలెన్సర్ నీళ్ళు చూసి, ఆ తర్వాతే వైరు అనుమానించండి.

అన్నిటికంటే మోసం చేసేది ఇంకొకటి ఉంది. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్ చుట్టూ నీరు ఉండదు. ఒట్టి గాలి, ఆవిరి మధ్య ఉన్న సెన్సర్ వేడిని సరిగా పట్టలేదు, ముల్లు దిగుతుంది కూడా. ఇంజన్ కాలిపోతుంటే మీటర్ చల్లగా ఉందని చెబుతుంది. అందుకే చుక్క కంటే పైకి పోయినప్పుడే కాదు, కారణం లేకుండా కిందికి దిగినప్పుడు కూడా ఇంజన్ దగ్గరికి వెళ్ళి చూడాలి. సైలెన్సర్ శబ్దం బొంగురుగా, పొడిగా మారడం, తెల్లటి ఆవిరి, కాలిన రబ్బరు వాసన, ఇవి ముల్లు కంటే నమ్మదగినవి.

మూడు ముళ్ళు ఒకే మాట చెప్పినప్పుడు

కొన్నేళ్ళ క్రితం రుషికొండ ఎదురుగా వెళ్తుండగా నా ఆర్పీఎం మీటర్ ఉన్నట్టుండి సున్నాకు పడిపోయింది. ఇంజన్ శబ్దంలో మార్పు లేదు, బోటు వేగమూ తగ్గలేదు. మీటర్ పాడైందనుకుని, ఒడ్డుకు వెళ్ళాక చూద్దామని సాగిపోయాను. పక్కనే వోల్ట్ మీటర్ 14 నుంచి 12.5కి దిగింది, అదీ చూశాను కానీ రెండిటినీ కలిపి ఆలోచించలేదు. ఆరేడు నిమిషాల తర్వాత వేడి ముల్లు ఎర్ర గీత దగ్గరుంది.

తెగింది ఒక్క బెల్టు. చాలా డీజిల్ ఇంజన్లలో ఆర్పీఎం మీటర్‌కు సిగ్నల్ బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ నుంచే వస్తుంది. ఆ ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టే కూలెంట్ తిప్పే పంపునూ తిప్పుతుంది. బెల్టు తెగగానే ఆర్పీఎం సున్నా, ఛార్జింగ్ పోవడం వెంటనే కనిపిస్తాయి, వేడి కాస్త ఆగి కనిపిస్తుంది. మొదటి రెండు ముళ్ళూ నాకు ఆరు నిమిషాల టైమ్ ఇచ్చాయి, నేను వాడుకోలేదు. హెడ్ గాస్కెట్ పోయింది. ఆ రోజు నుంచి బోటులో స్పేర్ బెల్టు, దాన్ని బిగించే స్పానర్ ఒకే సంచిలో కట్టి పెడుతున్నాను. మీరూ మీ బోటులో ఏ బెల్టు దేన్ని తిప్పుతుందో ఒకసారి మూత తీసి చూసుకోండి.

ఇలాంటి జతలు ఇంకొన్ని. అదే రేసులో ఆర్పీఎం తగ్గి, వేడి పెరిగి, నల్లపొగ వస్తే ప్రొపెల్లర్‌కు వల ముక్కో తాడో చుట్టుకుంది. ఆర్పీఎం పెరిగి బోటు ముందుకు కదలకపోతే ప్రొపెల్లర్ పట్టు తప్పింది. వారాల తరబడి ఆర్పీఎం కొంచెం కొంచెం తగ్గుతూ వస్తే బోటు అడుగున నాచు, చిప్పలు పట్టాయి, లేదా డీజిల్ ఫిల్టర్ మూసుకుంటోంది. అలల మీద బోటు ఊగినప్పుడల్లా ఆయిల్ ముల్లు కిందికి పడి లేస్తుంటే సంపులో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఆయిల్ తక్కువైంది, పంపు గాలి పీలుస్తోంది.

ముల్లు దారి తప్పితే వెంటనే చేయాల్సింది

ముందు మీటర్ కాదు, చుట్టూ చూడండి. ఓడల దారిలో ఉన్నారా, గాలి మిమ్మల్ని రాళ్ళ వైపు నెడుతోందా అన్నది తేల్చుకోండి. లంగరు తాడు చేతికందేలా ఉండాలి.

వేడి అయితే రేసు ఐడిల్‌కు దించండి. సైలెన్సర్‌లో నీళ్ళు వస్తూ, ఆయిల్ ప్రెషర్ బాగుంటే వెంటనే ఆపకుండా అదే మెల్లటి వేగంతో ఓడల దారి నుంచి పక్కకు రండి, చాలాసార్లు ఆ లోపే ముల్లు దిగుతుంది. నీళ్ళు రావట్లేదంటే న్యూట్రల్ చేసి ఆపేయండి. తర్వాత సముద్రపు నీటి వాల్వు మూసి, స్ట్రెయినర్ మూత తీసి, చెత్త తీసేసి, మూత బిగించి, వాల్వు మళ్ళీ తెరవండి. ఈ ఆఖరి పని మర్చిపోయి మళ్ళీ వేడెక్కించుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. స్ట్రెయినర్ శుభ్రంగా ఉంటే బెల్టు, బెల్టూ బాగుంటే ఇంపెల్లర్. కూలెంట్ మూత మాత్రం ఇంజన్ చేత్తో తాకగలిగేంత చల్లబడేదాకా ముట్టుకోకండి, ఎగజిమ్మే ఆవిరికి ముఖం కాలిపోతుంది. వేడి ఇంజన్ మీద చల్లటి నీళ్ళు గుమ్మరించినా లోహం పగులుతుంది.

ఆయిల్ ప్రెషర్ సున్నా అయితే ఆలోచించకుండా ఆపేయాలి. ఒక్కచోట తప్ప. ఎదురుగా రాళ్ళో ఓడో ఉంటే ఇంజన్ పోయినా సరే, తప్పుకునేదాకా నడపండి. ఇంజన్ మళ్ళీ చేయించుకోవచ్చు.

వోల్టులు తగ్గి బెల్టు బాగానే ఉంటే, పాత రకం డీజిల్ ఇంజన్ కరెంటు లేకపోయినా నడుస్తుంది. ఆపకండి, ఆపితే సెల్ఫ్ అందుకోకపోవచ్చు. వీహెచ్ఎఫ్ రేడియో, రాత్రయితే నావిగేషన్ లైట్లు తప్ప మిగతావన్నీ ఆర్పేసి ఇంటిదారి పట్టండి. కంప్యూటర్‌తో నడిచే కొత్త ఇంజన్లు, ఇంజెక్షన్ ఔట్‌బోర్డ్‌లు వోల్టేజీ బాగా పడితే ఆగిపోతాయి, కాబట్టి వాటితో దగ్గరి రేవుకే వెళ్ళాలి.

మీ చేతుల్లో లేదనిపిస్తే వీహెచ్ఎఫ్ 16వ ఛానెల్లో చెప్పండి. ఫోన్ సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీస్ 1093. చీకటి పడేదాకా సొంతంగా తంటాలు పడి అప్పుడు ఫోన్ చేయడం కంటే వెలుతురు ఉండగా చెప్పడం మేలు.

డీజిల్ ముల్లును నమ్మకండి

అలల మీద అది ఎలాగూ ఊగుతూనే ఉంటుంది. పైగా బోటు ట్యాంకు అడుగు సన్నగా ఉంటే, ముల్లు సగం చూపించినప్పుడు లోపల సగం కంటే తక్కువే ఉంటుంది. కొలకర్రతో చూడండి, గంటల లెక్కతో సరిపోల్చండి. మూడు భాగాల పద్ధతి వాడండి: వెళ్ళడానికి ఒకటి, రావడానికి ఒకటి, చేతిలో ఒకటి.

హార్బర్ నుంచి భీమిలి సుమారు 15 నాటికల్ మైళ్ళు. మీ బోటు 6 నాట్లతో వెళ్తూ గంటకు 8 లీటర్లు తాగుతుందనుకుంటే రెండున్నర గంటలు, 20 లీటర్లు. అంటే 60 లీటర్లతో బయల్దేరాలి. వేసవి మధ్యాహ్నాల్లో నైరుతి గాలి లేస్తుంది, ఫిబ్రవరి నుంచి మే దాకా తీరం వెంబడి ప్రవాహం కూడా భీమిలి వైపే ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు రెండూ ఎదురే. 5 నాట్లే వచ్చిందంటే మూడు గంటలు పడుతుంది, అలలను కోస్తూ అదనంగా తాగేది వేరే.

తిరిగొచ్చాక

జెట్టీకి కట్టాక వెంటనే ఆపకుండా నాలుగైదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి, టర్బో ఉన్న ఇంజన్ అయితే తప్పనిసరి. ఆపేముందు ఆఖరి వరుస రాసి, దాని పక్కన అవర్ మీటర్ అంకె వేయండి. ఆయిల్ ఎప్పుడు మార్చాలో చెప్పేది ఆ అంకే. మీటర్ల అద్దాల మీద ఉప్పును తడిగుడ్డతో తుడవండి. ఔట్‌బోర్డ్‌ను మంచినీళ్ళతో కడగండి. నెలకోసారి డాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి, సెన్సర్ల దగ్గరా వైర్ల కొసలు చూడండి. ఉప్పుగాలికి రాగి పచ్చబడి ఉంటే గీకి, మళ్ళీ బిగించి, కాస్త గ్రీజు రాయండి. సెన్సర్ మార్చాల్సి వస్తే మీ మీటర్‌కు సరిపోయే రకమే తెచ్చుకోండి. ఒకసారి ఒక వర్క్‌షాప్‌లో వేరే రకం బిగించి పంపారు, ముల్లు పది డిగ్రీలు తక్కువ చూపించింది. గన్ థర్మామీటర్‌తో ఇంజన్ మీద కొలిచి చూస్తే గానీ నాకు తెలియలేదు. సెన్సర్ మార్చిన రోజునే అలా కొలిచి, పాత చుక్క తుడిచేసి, కొత్తది పెట్టుకోండి.